టీవీ ఆర్టిస్టు కళాకారుడు కాదా మంత్రిగారూ?

సినిమాటోగ్రఫీ శాఖ మంత్రివర్యులకు,

విశాఖపట్నం నుంచి ఒక టీవీ క్యారెక్టర్ ఆర్టిస్టు నమస్కరించి రాస్తున్నది.

అయ్యా, కళాకారులకి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే పింఛను గురించే. నాకూ ఇప్పించమని అర్జీలు పెట్టాను, ఇంతవరకూ రాలేదు. స్కీము మీకు తెలిసిందే, నేను మళ్లీ చెప్పక్కర్లేదు. నా అర్జీలు ఏ బీరువాలో ఉన్నాయో కూడా మీ కింది ఆఫీసువాళ్లకే తెలియాలి. సోమవారం అర్జీల కార్యక్రమానికి పేరు మారింది, ఫ్లెక్సీ మీద ఫొటో మారింది, క్యూ మాత్రం అదే. ఆమధ్య ఫోనుకి ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని మెసేజ్ వస్తే మా ఆవిడ సంబరపడి బ్యాంకుకి వెళ్లి పాస్‌బుక్ ప్రింట్ వేయించుకొచ్చింది. అందులో కొత్తగా కనిపించింది ఎస్‌ఎంఎస్ ఛార్జీల కింద బ్యాంకువాళ్లు కోసుకున్న డబ్బులు ఒక్కటే.

మీవాళ్ల పేచీ ఏంటంటే నేను అసలు కళాకారుణ్ణే కాదట. హరికథా, బుర్రకథా, తప్పెటగుళ్లా, డప్పా, ఏది మీది అని అడిగారు. సీరియల్స్ బాబూ అన్నాను. ‘అది కళ కాదు కదండీ, కంపెనీ పని’ అన్నాడు అక్కడి కుర్రాడు. అతనిమీద నాకు కోపం లేదు, వాళ్లమ్మగారు నా సీరియల్ చూసేవారని అదే నోటితో చెప్పాడు, ఒక సెల్ఫీ కూడా తీసుకున్నాడు. సరే, కంపెనీ పనే అనుకుందాం. మరి పీఎఫ్ ఏది? ఈఎస్‌ఐ ఏది? కంపెనీ దగ్గరికి వెళ్తే మీరు ఆర్టిస్టు కదండీ అంటారు, మీ దగ్గరికి వస్తే కంపెనీ మనిషివి అంటారు. ఏదో ఒకటి తేల్చండి, దాన్నిబట్టి ఎక్కడ నిలబడి అడుక్కోవాలో నేను చూసుకుంటాను.

డప్పు కళాకారులకి నెలకి 4,000 ఇస్తున్నారు, చాలా సంతోషం, వాళ్లకి ఇంకా పెంచాలి. వాళ్ల నోటి దగ్గరిది లాక్కోమని నేను అనడం లేదు.

నటించినట్టు రుజువులు తెమ్మన్నారు. ఎక్కడినుంచి తేను సార్? 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక తెలుగు సీరియల్స్ జోరందుకున్నాయి, అప్పట్లో అంతా టేపుల మీదే, వాటి మీద మళ్లీ మళ్లీ రికార్డు చేసుకునేవాళ్లు. టైటిల్స్‌లో హీరోయిన్ పేరు పడుతుంది, అత్తగారి పేరు పడుతుంది, మేమందరం ‘తదితరులు’. యూనియన్ కార్డు చూపిస్తే అది హైదరాబాద్‌ది, చెల్లదన్నారు. హైదరాబాద్‌లో అడిగితే మీ ఆధార్ విశాఖది కదా అంటారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు కరెంటు పంచుకున్నారు, నీళ్లు పంచుకున్నారు, ఉద్యోగుల్ని పంచుకున్నారు. టీవీ ఆర్టిస్టుల్ని ఎవరి వాటాలో వేశారో దయచేసి ఆ కాగితం ఒకసారి చూసి చెప్పండి.

మా పని ఎలా ఉంటుందో మీకు ఎవరూ చెప్పి ఉండరు. నెలలో వారం, పది రోజులు షెడ్యూల్. ఇక్కడ సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పొద్దున దిగి, కృష్ణానగర్ గదిలో స్నానం చేసి తొమ్మిదికల్లా సెట్లో ఉండాలి. బట్టలు మావే. ఫాదర్ వేషమంటే రెండు జతల పంచె లాల్చీ, ఒక సఫారీ, ఒక కండువా, పవర్ లేని కళ్లజోడు, అన్నీ మన సూట్‌కేసులోంచే రావాలి. సాయంత్రానికి సీన్లు చేతికొస్తాయి, పక్కనుంచి ప్రాంప్టింగ్ ఇస్తుంటే చెప్పుకుపోవాలి. కోడలి గుట్టు తెలిసిందంటే కెమెరా నా మొహం మీదికి మూడుసార్లు దూసుకొస్తుంది, మూడుసార్లూ గుండె పట్టుకోవాలి. (నిజంగా గుండెనొప్పి వచ్చిన రాత్రి మా ఆవిడ ఒక నిమిషం నమ్మలేదు.) డబ్బులు మూడు నెలలకి వస్తాయి. ఈలోగా టీఆర్‌పీ పడిపోయి సీరియల్ మూసేశారనుకోండి, ఆఖరి షెడ్యూల్ డబ్బులు ఇక రానట్టే.

2020 మార్చిలో షూటింగులు ఆగిపోయాయి. జూన్‌లో మళ్లీ మొదలయ్యాక పెద్ద వయసు వాళ్లని పిలవడానికి భయపడ్డారు, అది న్యాయమే. నా పాత్రని అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి పంపారు, ఆ తర్వాత అక్కడే చంపేశారు. ఫోన్‌లో కబురు, సెట్లో ఏడుపులు, అంతే. నాకు ప్రొడక్షన్ నుంచి వచ్చిన ఫోన్ మాత్రం ‘సార్, మీ మంచి ఫొటో ఒకటి వాట్సాప్ చేయండి’ అని. చేశాను. దాన్ని ఫ్రేము కట్టి, ప్లాస్టిక్ దండ వేసి, బొట్టు పెట్టి హాల్లో మెట్ల పక్కన తగిలించారు. నా సీరియల్ భార్య ఆ ఫొటో ముందు నిలబడి రోజూ డైలాగులు చెప్పేది. ఏళ్ల తరబడి ఆ గోడ మీదే ఉన్నాను. కాల్షీటు లేదు, రోజు ఖర్చుల బాటా లేదు, ఒక్క రూపాయి లేదు. నటుడు ఒళ్లు వంచితేనే పని అట, ఫొటోకి లెక్క లేదట. లాక్‌డౌన్‌లో పాత ఎపిసోడ్లు తిప్పి తిప్పి వేశారు, దానికీ లేదు. నటులకి కూడా రాయల్టీ రావాలని 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. మా కృష్ణానగర్ గది దాకా ఆ చట్టం రాలేదు.

ఇప్పుడు ఎంవీపీ రైతు బజార్లో కూరలు కొంటుంటే ఆడవాళ్లు ‘అయ్యో, మీరు పోయారు కదండీ’ అంటారు. నవ్వేస్తాను. సీరియల్లో చచ్చిపోయాను, మీ ఫైల్లో ఇంకా పుట్టలేదు, మధ్యలో ఈ బీపీ మాత్రలు మాత్రం నిజంగా నేనే మింగాలి.

ఏ ప్రభుత్వం వచ్చినా విశాఖని సినిమా కేంద్రం చేస్తామంటుంది. చేయండి. బీచ్ రోడ్డులో కొండమీద రామానాయుడు స్టూడియో ఉంది, భీమిలి ఉంది, పైన అరకు ఉంది. హీరోలు వస్తారు, పాట తీసుకుంటారు, ఫ్లైట్ ఎక్కేస్తారు. రోజువారీ కూడు పెట్టే సీరియల్ పని మాత్రం హైదరాబాద్‌లోనే. ఇదే ఊళ్లో కళ్లు చిదంబరం గారు పోర్టు ఉద్యోగం చేసుకుంటూ నటించారు, 1988లో వచ్చిన సినిమా పేరే ఆయనకి ఇంటిపేరైంది. కళాభారతిలో నాటకాలాడి, ఆటోనగర్‌లో ప్రైవేటు ఉద్యోగాలు మానేసి రైలెక్కిన మాలాంటి వాళ్లకి ఆ జీతమూ లేదు, ఆ పేరూ లేదు.

నంది అవార్డులు మళ్లీ ఇస్తామన్న మాట కూడా ఎత్తుతున్నారు కాబట్టి చెప్తున్నాను. 2017 నవంబరులో మూడేళ్ల సినిమా నందులు ఒకేసారి ప్రకటించారు. పక్క రాష్ట్రం వాళ్లు 2025లో గద్దర్ అవార్డులు ఇచ్చుకున్నారు. మీరూ ఇవ్వండి, మాకు అభ్యంతరం లేదు. నాకైతే నంది వద్దు, పెట్టుకోవడానికి ఇంట్లో చోటు లేదు. టీవీలో నటించినవాడూ కళాకారుడే అని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి. రుజువుగా యూనియన్ కార్డు తీసుకోమనండి, ఏ రాష్ట్రందైనా. పింఛను ఇప్పించండి. ఇవ్వలేకపోతే ఇవ్వలేమని ఒక కాగితం మీదైనా రాసి ఇప్పించండి, పరిష్కరించబడినది అని మాత్రం పంపకండి, మా ఆవిడ మళ్లీ బ్యాంకుకి వెళ్తుంది.

ఇంకో మాట. మా ఫైలు చూసే సార్ బదిలీ అయ్యారట. కొత్త సార్‌ని అడిగితే పాత సార్ అప్పగించిన ఫైళ్ల లిస్టులో నాది లేదంటున్నారు, పాత సార్ ఫోన్ ఎత్తడం లేదు. అది ఎవరి దగ్గరుందో కనుక్కోమని మీ పేషీలో ఎవరికైనా చెప్పగలరా?

ఇట్లు,
సీతమ్మధార నుంచి ఒక టీవీ ఫాదర్