వెనక బుష్షుల గురించి బావకు ఉత్తరం

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన బావా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు ముందుగా క్షమించు. ఇంట్లో అందరమూ క్షేమం. అమ్మకు మోకాళ్ళ నొప్పి కాస్త నెమ్మదించింది, పెద్దదానికి పరీక్షలు అయిపోయాయి, ఎండలు ఎప్పటిలాగే మండుతున్నాయి. మిగతా కబుర్లు మరోసారి. ఇప్పుడు కలం పట్టింది ఒక్క సంగతి కోసం. మన కలెక్టరు గారికి, అదే మన కారుకు, వెనక ఇరుసును బాడీకి పట్టి ఉంచే రబ్బరు బుష్షులు మార్పించాను. నీ బండికి రబ్బరుకు బదులుగా వాడే పాలియూరిథేన్ బుష్షులు తెప్పించబోతున్నానని రాశావు కదా, నువ్వు డబ్బు కట్టకముందే ఈ ఉత్తరం నీ చేతికి అందాలని నా ఆత్రం.

గుంటూరు వైపు హైవే మీద లారీని దాటుదామని స్టీరింగు తిప్పితే, ముందు భాగం తిరిగిన క్షణం తర్వాత వెనక భాగం పక్కకు జరిగి కుదురుకునేది. స్పీడు బ్రేకరు మీదకు ఒక చక్రం ముందుగా, రెండోది ఆ తర్వాత ఎక్కితే టక్కుమని చప్పుడు వచ్చేది. నెయ్యి డబ్బా వెనక సీట్లో పెట్టుకుని వచ్చిన ఆ ప్రయాణం నీకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజు చప్పుడు ఇదే. ఆటోనగర్‌లో మన మేస్త్రి బండిని పైకెత్తించి, ఇరుసు చేతికీ బాడీకీ మధ్య ఇనుప కడ్డీ పెట్టి కొంచెం నొక్కగానే, కంటికి కనిపించేటంతగా ఇరుసు కదిలింది. ఆ ఇరుసును బాడీకి పట్టి ఉంచేవి రెండంటే రెండే బుష్షులు. స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ పైకీ కిందికీ పోయే కదలిక చూసుకుంటాయి కాని, బ్రేకు వేసినప్పుడు పడే లాగుడూ, మలుపులో పడే పక్క తోపుడూ ఆ రెండింటి మీదుగానే పోవాలి.

ప్రెస్సు మీద పెట్టి బయటికి తీసిన పాత బుష్షును నేను అక్కడే చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాను. బయట ఇనుప గొట్టం, లోపల బోల్టు పోయే చిన్న గొట్టం, రెంటి మధ్యా అతికిన రబ్బరు. ఆ రబ్బరులో ఎదురెదురుగా నెలవంక ఆకారంలో రెండు ఖాళీలు ఉంటాయి. వాటిలో ఒకటి పూర్తిగా మూసుకుపోయింది, రెండోది వేలు దూరేంత తెరుచుకుంది, దాని కొస నుంచి చీలిక బయలుదేరి గొట్టం దాకా పాకింది. లోపలి గొట్టం నడిమధ్యన లేదు. గోటితో గీకితే నల్లటి పొడి రాలింది. ఎండకూ, గాలిలోని ఓజోనుకూ, ఏళ్ళ తరబడి పడే మెలికలకూ రబ్బరు అలాగే చస్తుంది.

కొత్తవి కొనడానికి వెళ్ళినప్పుడు అసలు చర్చ మొదలైంది. దుకాణంలో కుర్రవాడు ముందు ఖాళీలు లేని రబ్బరు బుష్షు తెచ్చి, ఇందులో సందులు లేవు కాబట్టి ఎక్కువ కాలం మన్నుతుందన్నాడు. తర్వాత ఎర్రటి పాలియూరిథేన్ జత చూపించి, రబ్బరు పాతకాలపు సరుకు అన్నాడు. చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో రబ్బరును గట్టిపరిచే పద్ధతి కనిపెట్టింది 1839లో, జర్మనీలో ఒట్టో బేయర్ పాలియూరిథేన్ తయారుచేసింది 1937లో, కాబట్టి వయసులో అతని మాట నిజమే. అయితే మనం చూడవలసింది వయసు కాదు, ఆ చోట ఏ పని జరుగుతున్నదన్నది.

రెండు చక్రాలూ ఒకేసారి ఎగిరితే బుష్షు తన లోపలి బోల్టు చుట్టూ మాత్రమే తిరుగుతుంది. ఒక చక్రం మాత్రమే గుంతలో పడితే రెండు చక్రాలనూ కలిపే ఇరుసు అడ్డ దూలం తడిగుడ్డ పిండినట్టు మెలి తిరిగి, బుష్షు పక్కలకు కూడా వాలవలసి వస్తుంది. రబ్బరు లోపలా బయటా ఇనుముకు అతుక్కుని ఉంటుంది కాబట్టి ఎక్కడా జారదు, తానే మెలి తిరిగి మళ్ళీ వెనక్కు వస్తుంది. అందుకే దానికి గ్రీజు అక్కరలేదు, చప్పుడు ఉండదు. పైగా ఆ నెలవంక ఖాళీలు ఊరికే పెట్టినవి కావు. గుంత దెబ్బ తగిలే ముందు-వెనక దిశలో మెత్తగా, మలుపులో తోపుడు పడే పక్కలకు గట్టిగా ఉండాలని, ఒకే రబ్బరుకు రెండు గుణాలు ఇచ్చే ఏర్పాటు అది. ఖాళీలు లేని బుష్షు కొన్నవాడు ఆ మెత్తదనాన్ని డబ్బిచ్చి పోగొట్టుకున్నట్టే.

ఇక పాలియూరిథేన్. గట్టిదనాన్ని చెప్పే షోర్ ఎ కొలతలో మామూలు రబ్బరు బుష్షులు 50 నుంచి 70 మధ్య ఉంటే, ఇవి 80, 90 ప్రాంతంలో ఉంటాయి. నూనెకూ ఓజోనుకూ రబ్బరు కంటే బాగా తట్టుకుంటాయి, ఆ మాట నేను కాదనను. కాని బజారులో దొరికే జతలు ఎక్కువగా అతికినవి కావు, మధ్య గొట్టం మీద రాసుకుంటూ తిరిగేవి. సిలికాన్ గ్రీజు పెట్టాలి, దుమ్ము చేరితే కీచుమంటాయి. ఒకే దిశలో తిరిగే చోట, ఉదాహరణకు మలుపులో బండి ఒరగకుండా ఆపే ముందు స్టెబిలైజర్ బారుకు, నేను కూడా సంతోషంగా వేయిస్తాను. పక్కలకు వాలవలసిన వెనక ఇరుసులో మాత్రం అంచులు పట్టేసి, ఆ బలమంతా బ్రాకెట్ల మీద పడుతుంది. ఇంకొకటి, పాలియెస్టర్ రకం పాలియూరిథేన్ తేమకు లోలోపల విచ్చిపోతుంది, పాలియీథర్ రకం నిలుస్తుంది. మన కోస్తా గాలిలో ఉండే తేమ నీకు తెలియనిది కాదు, పెట్టె మీద ఏ రకమో రాసి ఉండదు.

డెల్రిన్ సంగతి కూడా అడిగావు. అది పందెం కార్లకు, అదీ ఒకే దిశలో తిరిగే కీళ్ళకు సరిపోయే గట్టి ప్లాస్టిక్కు. గుండు బేరింగు వేస్తే ఎటు కావాలంటే అటు వాలుతుంది, కాని రోడ్డు మీది ప్రతి గులకరాయీ అత్తయ్య నడుముకు తెలుస్తుంది. ఆమెను ఎక్కించుకుని నువ్వు నెలనెలా తిరిగే దారి ఎలాంటిదో నాకు తెలుసు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

చివరికి కంపెనీ ముద్ర ఉన్న రబ్బరు బుష్షులే కొన్నాను. ధర చూసి మొదట మనసు కాస్త కలుక్కుమంది, తర్వాత... సరే, అది వదిలెయ్. బిగింపు దగ్గర మేస్త్రి చూపిన శ్రద్ధ నీకు తప్పక చెప్పాలి. బుష్షు అంచు మీది గుర్తును ఇరుసు మీది గుర్తుకు ఎదురుగా నిలిపి, అప్పుడే ప్రెస్సు నొక్కించాడు. మలుపులో పక్క తోపుడు ఇరుసును కొద్దిగా తిప్పి, వెనక చక్రాలు మలుపుకు ఎదురు దిశ చూసేలా చేస్తుంది, అప్పుడు బండి వెనక భాగం బయటికి జారబోతుంది. దాన్ని అదుపు చేయడానికే కొన్ని బండ్లలో బుష్షులను ఏటవాలుగా అమరుస్తారు. గుర్తు తప్పితే ఆ ఏర్పాటంతా పోతుంది. బోల్టులను మాత్రం వదులుగానే ఉంచి, బండిని కిందికి దింపి, చక్రాల మీద బరువు పడి కుదురుకున్నాకే పూర్తిగా బిగించాడు. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దింపగానే రబ్బరు మెలి తిరిగి, నిలబెట్టి ఉంచినా ఆ మెలికలోనే ఉండి, తొందరగా చిరుగుతుంది. ఆ పని చూస్తూ నిలబడ్డంతసేపూ నాకు ఎంత ఆనందం కలిగిందో చెప్పలేను.

నిన్న ప్రకాశం బ్యారేజీ దాటి మంగళగిరి దాకా వెళ్ళి వచ్చాను. వెనక భాగం ముందు భాగంతో కలిసి ఒక్కటిగా తిరుగుతున్నది, టక్కుమనే చప్పుడు లేదు, లేన్ మారినప్పుడు ఆ తడబాటు...

పెద్దది చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి పిలుస్తున్నది, దాన్ని బస్టాండుకు తీసుకెళ్ళాలి. ఆ ఆర్డరు వెంటనే ఆపు. మీ మెకానిక్కును బోల్టు ఎప్పుడు బిగిస్తావని ముందే అడిగి, బండి పైన ఉండగానే బిగిస్తానంటే ఇంకొకరి దగ్గరికి వెళ్ళు.

నీ
బావ