మినీ ట్రాక్టర్‌కు ఆయిల్ నేనే మార్చుకున్నానని వారంటీ ఇవ్వకపోవడంపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: హైడ్రాలిక్ పంపు వారంటీ తిరస్కరణ, ఫిల్టర్లు కౌంటర్‌లో అమ్మకపోవడం, తెలుగులో సర్వీసు పుస్తకం లేకపోవడం.

అయ్యా,

నేను పల్నాడు జిల్లా వినుకొండ దగ్గర రైతును. 4 ఎకరాల్లో పత్తి, 2 ఎకరాల్లో మిరప వేస్తాను. పక్కనే మా తమ్ముడిది 5 ఎకరాలు. రెండు పొలాలకూ పనికొస్తుందని 2024 జూన్‌లో మీ కంపెనీ 24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్ కొన్నాను. వారంటీ రెండేళ్లు లేదా 2,000 గంటలు, ఏది ముందైతే అది. పత్తి సాళ్ల మధ్య పెద్ద ట్రాక్టర్ పట్టదు, అరకలు దొరకడం లేదు. చిన్న బండి లేకపోతే ఇప్పుడు అంతరసేద్యం సాగదు. బండి బాగుంటుంది. దాని మీద నాకు ఏ కోపమూ లేదు. నా ఫిర్యాదు మీరు వారంటీ నడుపుతున్న పద్ధతి మీద.

2025 ఆగస్టు రెండో వారంలో, మీటర్ 412 గంటలు చూపిస్తుండగా, వెనక పనిముట్టును ఎత్తి దించే లిఫ్ట్ పనిచేయడం మానేసింది. గుంటక దించితే దిగింది, ఎత్తితే లేవలేదు. వానలు పడి కలుపు ఒక్కసారిగా లేచిన రోజులవి. లిఫ్ట్‌ను నడిపే హైడ్రాలిక్ పంపు వాడుకునేది గేర్‌బాక్స్ ఆయిలే కాబట్టి, వెంటనే ఇంజన్ ఆపి దాని పుల్ల తీసి చూశాను. లెవెల్ సరిగ్గా ఉంది. రంగు తేనెలా ఉంది, నీళ్లు కలిస్తే వచ్చే పాల రంగు లేదు. పుల్లకు, మీటర్‌కు ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకున్నాను. బండిని డీసీఎంలో ఎక్కించి 46 కిలోమీటర్ల దూరంలో ఉన్న మీ అధీకృత వర్క్‌షాపుకు పంపాను. మెకానిక్ విప్పి, హైడ్రాలిక్ పంపు లోపల గేర్లు అరిగిపోయాయని నోటిమాటగా చెప్పాడు. వర్క్‌షాపు వాళ్లు పని వివరాలు రాసిచ్చే జాబ్ కార్డు మీద మాత్రం ఆ మాట లేదు. "షెడ్యూల్ సర్వీస్ చేయించలేదు, వారంటీ వర్తించదు" అని రాశారు. 250 గంటల సర్వీసు కూపన్ చింపకుండా ఉంది, అంతే వాళ్లు చూపించిన కారణం.

ఆ సర్వీసు జరగలేదనడం నిజం కాదు. జరిగింది, మా షెడ్డులో జరిగింది. 2025 ఫిబ్రవరిలో మీటర్ 246 దగ్గర ఉండగా నేనే చేశాను. ఎలా చేశానో రాస్తాను, తప్పు ఎక్కడుందో మీ ఇంజనీర్లే చెప్పాలి. బండిని పావుగంట నడిపి, ఇంజన్ ఆయిల్ వేడి మీద ఉండగానే అడుగు బోల్టు విప్పి మొత్తం దింపాను. బోల్టు కింద రాగి వాషర్ కొత్తది వేశాను. పాత ఫిల్టర్ తీసినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజన్‌కు అంటుకుని ఉండిపోలేదని చూసుకున్నాను. కొత్త ఫిల్టర్ రింగుకు ఆయిల్ రాసి, చేత్తోనే బిగించాను. పుస్తకంలో చెప్పిన 15డబ్ల్యూ-40 గ్రేడ్ ఆయిలే పోశాను. రెండు నిమిషాలు ఇంజన్ నడిపి, ఆపి, కాసేపు ఆగి, పుల్ల మీద పై గీత దాకా సరిచేశాను. ఆయిల్ బిల్లు, ఫిల్టర్ బిల్లు రెండూ నా దగ్గరున్నాయి. ఆ ఫిల్టర్ మీ కంపెనీ పెట్టెలో వచ్చిందే.

ఆ పెట్టె కోసం నేను పడిన తిప్పలు కూడా వినండి. మా వర్క్‌షాపు కౌంటర్‌లో ఫిల్టర్ అడిగితే, బండి తెస్తేనే బిగిస్తాం, విడిగా అమ్మం అన్నారు. 700 గ్రాముల బరువు కూడా లేని డబ్బా కోసం ట్రాక్టర్‌ను 46 కిలోమీటర్లు తీసుకెళ్లాలా? రోడ్డు మీద సొంతంగా తోలుకెళ్తే పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. పొలంలో మట్టి పట్టుకోవాల్సిన టైర్ గుబ్బలు తారు మీద అరిగిపోతాయి. డీసీఎం మాట్లాడుకుంటే ఒక్కో వైపు 3,500 రూపాయలు. చివరికి పని మీద గుంటూరు వెళ్లినప్పుడు అక్కడి మీ మరో డీలర్ దగ్గర అడిగితే, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా బిల్లు కొట్టి ఇచ్చారు. ఒకే కంపెనీలో ఒక ఊళ్లో ఉన్న నిబంధన ఇంకో ఊళ్లో ఎందుకు లేదు?

సర్వీసు నేనే చేసుకోవాలని మొదట అనుకోలేదు. 50 గంటల ఉచిత సర్వీసుకు చెప్పిన రోజుకే బండి తీసుకెళ్లాను, పక్కనే నిలబడి చూశాను. కుర్రాడు ఎయిర్ ఫిల్టర్ తీసి, కంప్రెసర్ గాలి బయటి వైపు నుంచి కొట్టాడు. కాగితం ఫిల్టర్‌కు గాలి లోపలి నుంచి బయటికి, అదీ నెమ్మదిగా కొట్టాలి. బయటి నుంచి బలంగా కొడితే దుమ్ము కాగితంలోకి ఇంకా లోతుగా దిగుతుంది, ఒక్కోసారి కాగితమే చిరుగుతుంది. ఆ చిరుగు నుంచి ఇంజన్ మట్టి పీల్చుకుంటే పిస్టన్, లైనర్ అరిగిపోతాయి. మా దగ్గర ఎండాకాలం దుక్కి దున్నేటప్పుడు లేచే దుమ్ము మీరు చూసి ఉంటే, ఆ ఫిల్టర్ విలువ నేను చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చాక చూస్తే ముందు యాక్సిల్ గ్రీజు నిపుల్స్ మీద దుమ్ము పొర అలాగే ఉంది, గ్రీజు గన్ తగిలిన గుర్తు లేదు. మర్నాడు పొద్దున బండి కింద అరచేయంత ఆయిల్ మరక. అడుగు బోల్టుకు పాత వాషరే వేసి బిగించారు. కూపన్ మీద మాత్రం అన్ని గడుల్లోనూ టిక్కులున్నాయి.

ఆ రోజు నుంచి పుస్తకంలో యజమాని చేయమన్న పనులన్నీ నేనే చేస్తున్నాను. పొద్దున ఇంజన్ స్టార్ట్ చేసే ముందు ఆయిల్, రేడియేటర్ నీళ్లు చూస్తాను. డీజిల్ ఫిల్టర్ కింద చేరిన నీళ్లు దింపుతాను. దుమ్ము పని ఉన్న రోజుల్లో సాయంత్రం ఎయిర్ క్లీనర్ రబ్బరు మూతి నొక్కి దుమ్ము రాలుస్తాను. గ్రీజు, ఫ్యాన్ బెల్టు, బ్యాటరీ నీళ్లు, టైర్ల గాలి, క్లచ్ పెడల్ ఆట కూడా చూసుకుంటాను. ఏ పని ఎన్ని గంటల దగ్గర చేశానో నోటుబుక్కులో రాస్తాను. నాకు రాని పని జోలికి వెళ్లను. డీజిల్ పంపు, ఇంజెక్టర్లు, వాల్వ్ సెట్టింగ్, క్లచ్ ప్లేటు, గేర్‌బాక్స్, ఇవన్నీ మెకానిక్ చేయాల్సిన పనులు. హైడ్రాలిక్ పంపును నేను ముట్టుకోనే లేదు. దాని ఆయిల్ గానీ ఫిల్టర్ గానీ నేను మార్చలేదు. 50 గంటల సర్వీసులో మీవాళ్లే చూశారు, తర్వాత మార్చాల్సిన గడువు పుస్తకం ప్రకారం ఇంకా రాలేదు.

ఈ బండిలో ఇంజన్ ఆయిల్ ఉండే గది వేరు, గేర్‌బాక్స్, హైడ్రాలిక్స్ వాడుకునే ఆయిల్ గది వేరు. ఒకదానిలోది ఇంకోదానిలోకి వెళ్లదు. నేను ఇంజన్ ఆయిల్ మార్చడం వల్ల హైడ్రాలిక్ పంపు గేర్లు ఎలా అరుగుతాయి? ఈ ఒక్క ప్రశ్నకు జాబ్ కార్డులో గానీ, నేను పంపిన రెండు ఈమెయిళ్లకు వచ్చిన జవాబుల్లో గానీ ఒక్క ముక్క లేదు. "కంపెనీ పాలసీ" అన్న మాట మాత్రం మూడుసార్లు ఉంది. పాడైన భాగానికి, నేను చేసిన పనికి సంబంధం ఉందని చూపిస్తే నేను నోరెత్తను. సంబంధం చూపించకుండా బిల్లు నా మీద వేయడం అన్యాయం.

ఇంకో మాట. బండితో ఇచ్చిన పుస్తకం ఇంగ్లీషులో, హిందీలో ఉంది. డిగ్రీ చదువుతున్న మా పెద్దమ్మాయి కూర్చుని సర్వీసు పట్టిక మొత్తం తెలుగులో రాసింది. ఆ కాగితం షెడ్డు గోడకు అంటించాను. ఇప్పుడు మా ఊళ్లో మీ బండి ఉన్న మరో ఇద్దరు రైతులు దాన్నే ఫొటో తీసుకుని వాడుకుంటున్నారు. తెలుగు రాష్ట్రాల్లో ట్రాక్టర్లు అమ్మే కంపెనీ చేయాల్సిన పనిని ఒక ఆడపిల్ల రెండు సాయంత్రాల్లో చేసింది. మీకు అది కష్టమైన పని అనుకోను.

2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రిపేర్ హక్కు' (కొన్న వస్తువును యజమాని తనే గానీ, నచ్చిన చోట గానీ బాగు చేయించుకునే హక్కు) మీద కమిటీ వేసినప్పుడు ముందుగా తీసుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. ఆ ఏడాది డిసెంబరు 24న దానికోసం పోర్టల్ కూడా ప్రారంభించారు. కార్ల విషయంలో 2014లోనే, మార్కెట్లో పోటీని కాపాడే కేంద్ర సంస్థ కాంపిటీషన్ కమిషన్ 14 కంపెనీలకు జరిమానా వేసింది. విడిభాగాలు బయట దొరకనీయకపోవడం, బయట రిపేరు చేయించుకుంటే వారంటీ పోతుందనడం అందులో ముఖ్యమైన ఆరోపణలు. తర్వాత దానిమీద అప్పీళ్లు నడిచాయి, అది వేరే సంగతి. రైతు ట్రాక్టర్ కొనడం వ్యాపారం కిందికి వస్తుందని మీవాళ్లు ఫోన్‌లో ఒకసారి అన్నారు కాబట్టి ఇదీ రాస్తున్నాను. సొంత కష్టంతో బతుకుదెరువు కోసం కొన్న వస్తువును 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార కొనుగోలుగా లెక్కించదు. నేను ఉండే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. 5 లక్షల రూపాయల లోపు విలువకు ఫీజు కూడా లేదు.

కోర్టుల చుట్టూ తిరగాలని నాకు లేదు. పొలం పని వదిలి తిరిగే తీరిక లేదు, ఆ టెన్షన్ నాకు వద్దు. పంపుకు 9,450, కూలికి 1,800, డీసీఎంకు రానూపోనూ 7,000 అయ్యాయి. బండి 11 రోజులు లేకపోవడంతో మా 6 ఎకరాలకు వేరే మినీ ట్రాక్టర్‌ను ఎకరాకు 1,100 చొప్పున పెట్టుకున్నాను, అది 6,600. మొత్తం 24,850 రూపాయలు. మా తమ్ముడి పొలం ఖర్చు ఇందులో కలపలేదు. ఈ డబ్బు తిరిగి ఇవ్వండి. దాంతో పాటు, బిల్లులు, గంటల రికార్డు ఉన్న యజమాని మామూలు సర్వీసు తనే చేసుకుంటే వారంటీ పోదని లిఖితంగా తెలపండి. తెలుగు సర్వీసు పట్టిక అచ్చు వేయించండి. మా అమ్మాయి రాసిన ప్రతి కావాలంటే ఉచితంగా పంపిస్తాను. మీవాళ్లు ఒకసారి సరిచూసుకుంటే చాలు.

నా వైపు నుంచి ఒక లోపం ఉంది, దాచను. 250 గంటల ఆయిల్ నేనే మారుస్తున్నానని వర్క్‌షాపుకు ముందుగా చెప్పలేదు. చెప్పి రికార్డులో రాయించి ఉంటే బాగుండేది. కానీ చెప్పకపోవడం వల్ల పంపు అరగదు.

ఈ ఉత్తరం అందిన 30 రోజుల్లో లిఖితపూర్వక జవాబు కోరుతున్నాను. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయించి, ఆ తర్వాత జిల్లా కమిషన్‌కు వెళ్తాను. జాబ్ కార్డు, బిల్లులు, నోటుబుక్కు పేజీలు, ఫొటోల నకళ్లు దీంతో జతచేశాను. పాత పంపును అడిగి తెచ్చుకుని గోనెసంచిలో చుట్టి పెట్టాను. 246 దగ్గర తీసిన పాత ఆయిల్ ఫిల్టర్ కూడా ఉంది. మీ ఇంజనీరును పంపితే రెండూ కోసి చూసుకోవచ్చు, ఏ రోజైనా సరే.

ఇప్పుడు మీటర్ 438 దగ్గర ఉంది. ఇంకో 62 గంటల్లో 500 గంటల ఆయిల్ మార్చాలి, పత్తి తీతలు మొదలయ్యేలోపు ఆ పని అయిపోవాలి. దానికి ఒక ఆయిల్ ఫిల్టర్, ఒక డీజిల్ ఫిల్టర్ కావాలి. మా వర్క్‌షాపు కౌంటర్‌లో అవి బిల్లు మీద ఇవ్వమని ఈలోగా ఒక్క ఫోన్ చేసి చెప్పించండి.

ఇట్లు,
మీ ట్రాక్టర్ కొన్న రైతు
వినుకొండ దగ్గర, పల్నాడు జిల్లా