కోడ్ పబ్లిక్‌గా పెట్టే ముందు

అందరికీ నమస్తే. సొంత వెబ్ ప్రాజెక్టులు చేసి కోడ్‌ను గిట్‌హబ్‌లో (కోడ్ దాచుకుని నలుగురితో పంచుకునే సైట్) పెడదామనుకుంటున్న వాళ్ల కోసం ఈ నాలుగు ముక్కలు.

మొదటి ప్రాజెక్టుకే రియాక్ట్ లాంటి జావాస్క్రిప్ట్ లైబ్రరీ అక్కర్లేదు. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, కాస్త జావాస్క్రిప్ట్ చాలు. జావాస్క్రిప్ట్ 1995లో బ్రౌజర్ కోసమే పుట్టిన భాష, విడిగా ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఏపీఐ కీలు (బయటి సేవలను మన కోడ్ వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్‌లు), పాస్‌వర్డుల దగ్గర. వాటిని కోడ్‌లో రాయకుండా డాట్ ఎన్వ్ (.env) అనే సెట్టింగుల ఫైల్‌లో పెట్టి, ఆ ఫైల్ పేరును మొదటి కమిట్‌కు ముందే గిట్ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) చేర్చండి. కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం గిట్, అందులో మార్పులను ఒకసారి భద్రపరచడమే కమిట్. పొరపాటున కీ గిట్‌హబ్‌లోకి వెళ్లిపోతే, ఆ లైన్ తీసేసి మళ్లీ కమిట్ చేస్తే సరిపోదు. పాత కమిట్లు గిట్‌లో అలాగే ఉంటాయి, ఎవరైనా వెనక్కి వెళ్లి చూడొచ్చు. ముందు ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోండి. హిస్టరీ శుభ్రం చేయడం తర్వాతి సంగతి. ఇంకొకటి: బ్రౌజర్‌లో నడిచే కోడ్‌లోకి వచ్చిన కీ ఏదీ రహస్యం కాదు, డాట్ ఎన్వ్ నుంచి తెచ్చినా సరే. దాన్ని సర్వర్ వైపే ఉంచాలి.

రీడ్‌మీలో (ప్రాజెక్టు గురించి చెప్పే ఫైల్) ప్రాజెక్టును ఎలా నడపాలో రెండు లైన్లు రాయండి. (చిన్న చిన్న బ్యాడ్జీ బొమ్మలతో నింపేసిన రీడ్‌మీలు చూస్తే నాకైతే చిరాకు.) మీ ప్రాజెక్టుల లింకులు ఇక్కడే పెట్టండి, ఆదివారం కూర్చుని చూస్తాను.