పెట్టె విప్పేటప్పుడు వీడియో ఎందుకు అడుగుతున్నామంటే

అందరికీ నమస్కారం. సంక్రాంతి కొలువు కోసం మా దగ్గర కొండపల్లి బొమ్మలు తెప్పించుకున్నవాళ్లలో కొందరికి అవి విరిగి అందాయి. ఆ సంగతి చెప్పినప్పుడు పెట్టె ఫొటోలు, విప్పుతున్నప్పటి వీడియో పంపమని అడిగాం. "అంటే మా మాట మీద నమ్మకం లేదా అండీ?" అని ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు. వాళ్లలో ఒకావిడ ఏళ్ల తరబడి విజయవాడలో మా కొట్టుకే వచ్చి కొన్నవారు, ఇప్పుడు పుణెలో ఉంటున్నారు. ఆవిడకు ఫోన్లో చెప్పిందే మీ అందరికీ చెబుదామని రాస్తున్నాను.

బదులు బొమ్మ పంపడానికైనా, డబ్బు తిరిగివ్వడానికైనా మాకు వీడియో అక్కర్లేదు. విరిగిన బొమ్మ ఫొటో ఒక్కటి పెడితే చాలు. మీరు డబ్బు కట్టింది మాకు, కొరియర్‌కు కాదు. కాబట్టి మాకు ఇన్సూరెన్సు క్లెయిమ్ వచ్చినా రాకపోయినా ఆ బాధ్యత మాదే. వీడియో కావలసింది ఇన్సూరెన్సు వాళ్ల ఫైలుకు. అది లేకపోతే ఆ నష్టం మొత్తం మా మీదే పడుతుంది.

బొమ్మ ఎక్కడ విరుగుతుందో కొంచెం చెప్పాలి. కొండపల్లి బొమ్మను తెల్ల పొణికి చెక్కతో చేస్తారు. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. చేతులు, కాళ్లు, తొండం లాంటివి విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఇంట్లో అద్దాల బీరువాలో ఉన్నంతకాలం ఆ అతుక్కి ఏమీ కాదు. గోడౌన్‌లో పెట్టె మూల మీద పడిందంటే మాత్రం ముందు ఊడేది అదే. అంబారీ ఏనుగు తొండం, ఎడ్లబండి కాడి, పరశురాముడి గొడ్డలి... మీరు పంపే ఫొటోల్లో ఎక్కువగా ఇవే కనిపిస్తాయి.

విరగ్గొట్టిన కొరియర్ వాళ్లే కట్టాలి కదా అని మీరు అనొచ్చు. రోడ్డు రవాణా సంస్థల బాధ్యతకు 2007 నాటి చట్టం, దాని కింద 2011లో వచ్చిన నిబంధనలు ఒక హద్దు పెట్టాయి. సరుకు విలువ ఎక్కువని ముందే రాయించి, దానికి తగ్గ అదనపు ఛార్జీ కట్టకపోతే, పరిహారం రవాణా ఛార్జీకి పది రెట్లు మించదు. పెట్టెకు 200 రూపాయలు కట్టామనుకోండి, లోపల 6,000 రూపాయల దశావతారాల సెట్టు ఉన్నా చేతికొచ్చేది 2,000. కొరియర్ బిల్లు మీద 'ఓనర్ రిస్క్', అంటే నష్టం సరుకు సొంతదారుదే అని ముద్ర వేసి ఉంటే ఆ మాత్రానికి కూడా నెలల తరబడి తిరగాలి.

అందుకే దారిలో సరుకుకు జరిగే నష్టానికి విడిగా ట్రాన్సిట్ ఇన్సూరెన్సు తీసుకున్నాం. అందులోనూ ఏ, బీ, సీ అని క్లాజులున్నాయి. సీలో అగ్నిప్రమాదానికీ పిడుగుకూ మాత్రమే కవర్. బీలో వాటితోపాటు లారీ బోల్తా పడినా, దేన్నయినా గుద్దుకున్నా, వంతెన కూలినా డబ్బు వస్తుంది. గోడౌన్‌లో ఎవరో పెట్టె విసిరేస్తే తొండం విరిగిందంటే ఆ రెండింట్లోనూ రాదు. మా సరుక్కి జరిగేది అదే కాబట్టి ప్రీమియం ఎక్కువైనా, అలాంటి దెబ్బలకు కూడా వర్తించే ఏ క్లాజే తీసుకున్నాం. దానికీ మినహాయింపులున్నాయి. ప్యాకింగ్ చాలలేదని తేలితే క్లెయిమ్ కొట్టేస్తారు. ఆలస్యానికైతే ఎందులోనూ పైసా రాదు. భోగికి చేరాల్సిన పెట్టె కనుమ వెళ్లాక చేరితే, సరుకు బాగానే ఉంది కదా అంటారు. అది మాకు చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే పండగ మళ్లీ ఏడాదికి గానీ రాదు. అందుకే ఇకమీదట సంక్రాంతి ఆర్డర్లు డిసెంబరు 20తో ఆపేస్తున్నాం.

ఇక వీడియో సంగతి. క్లెయిమ్ చూసేవాళ్లు అడిగేవి రెండే: విరిగింది దారిలోనేనా, ప్యాకింగ్ సరిపోయిందా. విరిగిన చోట లోపలి చెక్క తెల్లగా, రంగు అంటకుండా కనిపిస్తే అది కొత్త దెబ్బ అని ఎవరైనా ఒప్పుకుంటారు. కాబట్టి ఆ చోటుని దగ్గరగా ఒక ఫొటో తీయండి. పెట్టె ఏ మూల నలిగిందో, బొమ్మ ఆ మూలకే ఉందో లేదో వీడియోలో తెలుస్తుంది. టేపు కోయకముందే మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా తీస్తే చాలు, ఫోను కొంచెం కదిలినా పర్వాలేదు. మేము ఇక్కడ పెట్టె మూసేముందు తీసిన ఫొటోలు దానికి జత చేస్తాం. పెట్టె పైనే నలిగి కనిపిస్తే, సంతకం పెట్టేముందు రసీదు మీద ఆ మాట రాయండి. ఓటీపీ అడిగే చోట రాయడానికి వీలుండదు, అప్పుడు పెట్టె తెచ్చిన కుర్రాడు ఉండగానే ఒక ఫొటో తీయండి. పాపం, అతని తప్పేమీ ఉండదు, అతన్ని ఏమీ అనకండి.

కొలువుకని నెల ముందే తెప్పించుకుని, పెట్టె విప్పకుండా అటకెక్కించేవాళ్లు మనలో చాలామంది. భోగి నాడు విప్పి చూసుకుంటే విరిగి ఉంటుంది. మా కొరియర్‌కు 48 గంటల్లో చెప్పకపోతే క్లెయిమ్ ఫైలే తెరవరు. అందుకని అందిన రోజే ఒకసారి విప్పి చూసి, మళ్లీ సర్ది పెట్టుకోండి. మేము సరేననేదాకా అట్టపెట్టె పారేయొద్దు, ఒక్కోసారి నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్సు సర్వేయర్ దాన్ని చూస్తానంటారు.

అతుకు దగ్గర మాత్రమే ఊడి, ముక్క మీ దగ్గరే ఉంటే, వెనక్కి పంపించండి, ఖర్చు మాదే. కొండపల్లిలో బొమ్మ చేసినవారి చేతే మళ్లీ మక్కు పెట్టించి, రంగు వేయించి పంపుతాం. కొందరికి కొత్తదాని కన్నా అదే ఇష్టం. నాకూ అదే ఇష్టం.

చివరగా ధర. పెద్ద బొమ్మలకు పెట్టెలో పెట్టె పద్ధతి మొదలుపెట్టాం. బొమ్మ తేలికే అయినా కొరియర్ లెక్క పెట్టె సైజు మీద ఉంటుంది: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. 40, 30, 30 పెట్టె 7.2 కిలోల కింద లెక్క. చుట్టూ మూడేసి సెంటీమీటర్ల మెత్త పెట్టి ఇంకో పెట్టెలో దించితే అది దాదాపు 12 కిలోలవుతుంది. ఆ తేడాలో సగం మేము భరిస్తాం, సగం మీ బిల్లులో ప్యాకింగ్ కింద విడిగా కనిపిస్తుంది. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లకు పాత ధరే. సంక్రాంతి ఆర్డర్లో విరిగినవాటికి ఇంకా బదులు అందనివాళ్లు ఎవరైనా ఉంటే ఆర్డర్ నెంబరు మెసేజ్ చేయండి. వీడియో లేకపోయినా సరే.