ఆ అరపేజీ ప్రకటనను ఎవరు చూసి అచ్చు వేశారు?

టార్నీట్, మెల్బోర్న్
2025 జూన్ 2

పత్రిక యాజమాన్యానికి,

మీరు అచ్చు వేసిన ఒక ఎన్నికల ప్రకటన గురించి మీకు నేను రాస్తున్న ఐదో ఉత్తరం ఇది. మొదటి నాలుగూ మీ చివరి పేజీలో అచ్చయ్యే చిరునామాకే పంపాను. ప్రతిసారీ ఒకే యంత్రం ఒకే జవాబు ఇచ్చింది: "మీ సందేశం అందింది, 48 గంటల్లో మా ప్రతినిధి మిమ్మల్ని సంప్రదిస్తారు." మొదటి ఉత్తరం రాసి నేటికి 40 రోజులు. ఈలోగా ఆస్ట్రేలియా పార్లమెంటు ఎన్నికలే అయిపోయాయి. మే 3న ఓట్లు పడ్డాయి, 150 స్థానాల్లో 94 గెలుచుకుని లేబర్ పార్టీ మళ్లీ అధికారంలోకి వచ్చింది, ప్రతిపక్ష లిబరల్ పార్టీ నాయకుడు పీటర్ డటన్ సొంత నియోజకవర్గం డిక్సన్‌లోనే ఓడిపోయారు. మీ ప్రతినిధి మాత్రం ఇంకా నన్ను సంప్రదించలేదు.

14 ఏళ్లుగా మీ పక్షపత్రికకు చందా కడుతున్నాను. మా అమ్మాయికి తెలుగు అక్షరాలు నేర్పింది మీ పత్రిక ముందు పెట్టుకునే. ఆదివారం ఉదయం సరుకుల దుకాణం నుంచి తెచ్చిన రెండో ప్రతి మీద ఎర్ర కలంతో గీతలు గీస్తూ గుణింతాలు చెప్పాను. ఇంట్లోకి ఒక ప్రతి చందా మీద వస్తున్నా రెండోది కొనేవాణ్ని, దాచుకునే ప్రతి పాడవకూడదని. ఈ ఏడాది ఆమెకు మొదటి ఓటు. ఏప్రిల్ 22న ముందస్తు ఓటింగ్ మొదలైన వారంలోనే మీ సంచిక వచ్చింది. మూడో పేజీలో అరపేజీ ప్రకటన. ఒక మహిళా అభ్యర్థి విడాకుల గురించి, ఆమె పిల్లలు ఎవరి దగ్గర పెరుగుతున్నారన్న దాని గురించి. ఆమె పేరు, ఆ మాటలు ఇక్కడ మళ్లీ రాయను. మా అమ్మాయి కూడబలుక్కుంటూ అంతా చదివి, "మన పత్రికలో వేశారంటే నిజమే అయి ఉంటుంది కదా నాన్నా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు కోసమే మీకు ఫోను చేశాను. నేను అడిగింది ఒకే మాట: అచ్చుకు వెళ్లే ముందు దీన్ని చదివిన మనిషి ఎవరు?

సిడ్నీ కార్యాలయంలో ఫోను ఎత్తిన అమ్మాయి, పాపం మర్యాదగానే, "అంకుల్, అది ప్రకటనల విభాగం చూస్తుంది" అని ఒక నంబరు ఇచ్చింది. రెండు రోజులు ఆ నంబరు ఎవరూ ఎత్తలేదు. మూడో రోజు ఎత్తినాయన, "మేము చోటు అమ్ముతాం అంతే సార్, విషయం సంపాదకవర్గం చూసుకుంటుంది" అన్నారు. సంపాదకవర్గం ఎక్కడ ఉంటుందంటే హైదరాబాదులోనట. అక్కడికీ, ఇక్కడికీ నాలుగున్నర గంటల తేడా. మధ్యాహ్నం డ్యూటీ నుంచి అనుమతి తీసుకుని బయటికి వచ్చి ఫోను చేశాను. మాట్లాడిన కుర్రవాడు, "పేజీలు కూర్చడమే మా పని సార్, ప్రకటన సిద్ధంగా సిడ్నీ నుంచి వస్తుంది, మేము అక్షరం కూడా ముట్టుకోం" అన్నాడు. మళ్లీ సిడ్నీకి చేశాను. ఈసారి మొదటి అమ్మాయి లేదు. కొత్తగా వచ్చిన వారెవరో నా కథ మొదటి నుంచి చెప్పమన్నారు. చెప్పాను. అంతా విని, ఫోను పట్టుకునే ఉండమని, పాట వినిపించి, పదకొండో నిమిషంలో కోసేశారు. వాట్సాప్‌లో పెట్టిన సందేశాలకు నీలం గీతలు పడ్డాయి. చదివారు. చదివి ఊరుకున్నారు. నన్ను అన్నింటికన్నా బాధపెట్టినవి ఆ నీలం గీతలే.

చివరికి మేనేజరు గారు దొరికారు. ఆయన మొదటి మాట, "ప్రకటన కింద ఇచ్చినవారి పేరు, ఊరు ఉన్నాయి కదండీ, చట్టం ప్రకారం సరిపోయింది." సరిపోయింది, నిజమే. ఆ పేరు, ఊరు ప్రకటన ఇచ్చింది ఎవరో చెబుతాయి. అందులో ఉన్నది నిజమని చెప్పవు. ఫెడరల్, అంటే దేశ పార్లమెంటు, ఎన్నికల చట్టంలోని 329వ సెక్షన్ ఓటు వేసే పద్ధతి గురించి ఓటరును తప్పుదారి పట్టించడాన్ని నేరమంటుంది, అభ్యర్థి గురించి అబద్ధమాడటాన్ని కాదు. రాజకీయ ప్రకటనల్లో అబద్ధాలను ఆపే నిబంధనను 1983లో తెచ్చి మరుసటి ఏడాదే తీసేశారు. 2024 నవంబరులో మరో బిల్లు పెట్టారు, అది గట్టెక్కలేదు. సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్రంలో మాత్రం 1985 నుంచి అలాంటి చట్టం ఉంది, తప్పుడు ప్రకటనను వెనక్కి తీసుకోమని అక్కడి ఎన్నికల కమిషన్ అడగగలదు. మెల్బోర్న్‌లో ఫెడరల్ ఎన్నికలకు ఆ రక్షణ లేదు. చట్టం చూడని చోట చూడాల్సింది పత్రికే కదా. అందుకే కదా మీకు ఫోను చేశాను.

ఇదంతా చెబితే మేనేజరు గారు వేసిన ప్రశ్న: "ఇంతకీ మీరు ఏ పార్టీ సార్?"

ఆ మాట విన్నాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఒక వ్యక్తి మీద దాడిని ప్రశ్నిస్తే, ప్రశ్నకు జవాబు చెప్పకుండా అడిగినవాడి మీద పడ్డారు. ఆ ప్రకటన చేసిన పనే మీ మేనేజరు నా మీద చేశారు.

నేను 2004లో వచ్చి వెర్రిబీలో అద్దెకు దిగాను. లాలర్ నియోజకవర్గం, మా ఎంపీ లేబర్ పార్టీకి చెందిన, తర్వాత ప్రధాని అయిన జూలియా గిలార్డ్. 2005 జనవరిలో ఆమె వంటింట్లో తీసిన ఫొటో ఒకటి పత్రికల్లో వచ్చింది. బల్ల మీద పండ్ల గిన్నె ఖాళీగా ఉందని, ఆమెకు సంసారం లేదని ఎన్నాళ్లు మాట్లాడుకున్నారో! 2007లో ఒక లిబరల్ సెనేటర్ ఆమెను కావాలని గొడ్రాలిగా ఉండిపోయిన మనిషి అన్నారు, తర్వాత క్షమాపణ చెప్పుకున్నారు. 2010లో నేను మొదటిసారి ఓటు వేశాను. తన ప్రభుత్వంలో కార్బన్ పన్ను, అంటే కాలుష్యం వదిలే కంపెనీల మీద పన్ను, ఉండదని ఆమె ఆ ఎన్నికల ముందు అన్నారు. 2012 జూలై 1 నుంచి కార్బన్‌కు ధర కట్టారు. ఆ మాట మీద ఆమెను నిలదీశారు. నిలదీయాల్సిందే, నేనూ నిలదీశాను. పండ్ల గిన్నెతో దేశానికేం పని?

అవతలి పక్షానికీ ఇదే కొలత. 2013 ఎన్నికల ముందు రోజు రాత్రి లిబరల్ నాయకుడు టోనీ అబాట్ విద్యకు, వైద్యానికి, ప్రభుత్వ ప్రసార సంస్థలైన ఏబీసీ, ఎస్‌బీఎస్‌లకు కోతలు ఉండవన్నారు. మరుసటి ఏడాది బడ్జెట్‌లో కోతలు వచ్చాయి. అది అడగాలి, ఆయన ఈత దుస్తుల గురించి కాదు. గత ప్రభుత్వం చట్టం చేసిన మూడో దశ ఆదాయపు పన్ను తగ్గింపులను మార్చబోమన్న లేబర్ ప్రధాని అల్బనీజీ 2024 జనవరిలో మార్చారు. కరెంటు బిల్లు ఏడాదికి 275 డాలర్లు తగ్గుతుందన్న మాటా ఆయనను వెంటాడింది. డటన్ రూపాన్ని ఎగతాళి చేసిన లేబర్ నాయకురాలు తాన్యా ప్లిబర్సెక్ 2022లో క్షమాపణ చెప్పారు. ప్రభుత్వోద్యోగులను ఇంటి నుంచి పని మాన్పిస్తామన్న విధానం తప్పేనని డటన్ ఈ ఏప్రిల్‌లో, ప్రచారం మధ్యలో, అందరి ముందూ ఒప్పుకున్నారు. ఓట్ల కోసం నిలబడినవారే పొరపాటైందని అనగలిగారు. వారిని జవాబు అడగడమే వృత్తిగా పెట్టుకున్న మీరు ఒక చందాదారుకు ఆ మాట అనలేరా?

మే 20న మీ నుంచి ఒక సందేశం వచ్చింది. గుండె ఒక్కసారి ఎగిరింది. తీరా చూస్తే చందా పొడిగిస్తే 15 శాతం తగ్గింపు. డబ్బు విషయానికి నా నంబరు మీకు తేలిగ్గా దొరికింది.

తగ్గింపు నాకు వద్దు. ఆ ప్రకటనలోని విషయాన్ని ఎవరూ సరిచూడలేదని అదే మూడో పేజీలో, అదే కొలతలో వేయండి. అభ్యర్థుల కుటుంబాల జోలికి వెళ్లే ప్రకటనలు తీసుకోబోమని రాతపూర్వకంగా చెప్పండి. మేనేజరు గారు నన్నడిగిన ప్రశ్నను వెనక్కి తీసుకోవాలి. జూన్ 16 లోపు ఇది జరగకపోతే చందా ఆపేస్తాను. అంతటితో ఊరుకోను. మా వీధిలో మీ పత్రిక తెప్పించుకునే తొమ్మిది ఇళ్లకూ నేనే వెళ్లి చెబుతాను. టార్నీట్‌లో మీ కట్టలు పెట్టే దుకాణాల వారినీ, ప్రతి సంచికలో మీకు ప్రకటనలిచ్చే నగల దుకాణం వారినీ, చిట్టచివర ఆ అభ్యర్థినీ కలిసి ఈ ఐదు ఉత్తరాలూ చేతికిస్తాను.

మా అమ్మాయి ఓటు వేసి వచ్చింది. ఆమె అడిగిన దానికి ఇంతవరకు నేను జవాబు చెప్పలేదు, మీ దగ్గర కనుక్కుని చెబుతానన్నాను. నా నంబరు మీ దగ్గర ఉంది. సాయంత్రం ఆరు తర్వాత ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
2011 నుంచి మీ చందాదారు