రైలు పట్టాలు ఎత్తేశాక ఊరు నిలవదు

సంపాదకులకు,

కెనడా ప్రెయిరీల్లో, అంటే పడమటి గడ్డి మైదానాల్లో, పల్లెలు ఖాళీ అవుతున్నాయంటూ వచ్చే కథనాలన్నీ ఒకే కారణం చెబుతాయి: కుర్రకారు సేద్యం వదిలేసిందని. అక్కడి సస్కాచెవాన్ రాష్ట్రంలో జనం వెళ్లిపోయిన ఊరి చుట్టూ ఒకసారి చూడండి. పొలాలు బీడు పడలేదు. గోధుమ, కనోలా అనే నూనెగింజ, మసూర్ రోడ్డు అంచు దాకా పండుతూనే ఉన్నాయి. యంత్రాలు పెరిగి రైతులు తగ్గిన మాట నిజమే, కానీ ఊళ్లను దెబ్బతీసిన వాటిలో రైలు లైన్ల మూతదే పెద్ద పాత్ర.

అక్కడ రైతులు ఊళ్లో కాపురముండరు. 1872 నాటి డొమినియన్ ల్యాండ్స్ చట్టం 10 డాలర్ల రుసుముకు 160 ఎకరాలిచ్చింది. ఆ భూమిలోనే ఇల్లు కట్టి, మూడేళ్లు ఉండి, దున్ని చూపిస్తేనే పట్టా. అందుకే ఇళ్లు ఎవరి పొలంలో వాళ్లవిగా చెదిరిపోయాయి. సర్వేవాళ్లు నేలను ఆరేసి మైళ్ల చదరాలుగా, ఒక్కో చదరాన్ని 640 ఎకరాల చొప్పున 36 సెక్షన్లుగా విడగొట్టారు. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కాబట్టి 24 మైళ్లకోసారి గీతలు సరిచేశారు. అక్కడ తిన్నగా పోతున్న రోడ్డు ఉన్నట్టుండి పక్కకు జరుగుతుంది. రాత్రిపూట కొత్త డ్రైవర్లు పొరబడేది ఇక్కడే.

ఊరంటే ధాన్యం దింపే చోటు. గుర్రపు బండి సరుకు దించి పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలి. అందుకని పట్టాల వెంట ఎనిమిది పది మైళ్లకో స్టేషన్, దాని పక్కన ఎలివేటర్ (ధాన్యాన్ని పైకెత్తి నిల్వచేసే ఎత్తైన చెక్క గిడ్డంగి), ఆ వెనక దుకాణం, పోస్టాఫీసు, బడి. పేర్లూ రైల్వేవాళ్లు పెట్టినవే. గ్రాండ్ ట్రంక్ పసిఫిక్ లైన్లో ఫెన్‌వుడ్, గుడీవ్, హబ్బర్డ్, ఇటూనా, జాస్మిన్, కెలిహర్ ఇంగ్లిషు అక్షరక్రమంలో వరసగా వస్తాయి.

ఎలివేటర్ గోడలు నిలబెట్టిన పలకలు కావు. ధాన్యం పక్కలకు తోసే బరువుకు అవి విచ్చుకుపోతాయి. అందుకే పలకలను పడుకోబెట్టి ఒకదానిపై ఒకటి పేర్చి మేకులు కొట్టేవారు. బండిని కాటాపై తూచి, సరుకును గోతిలో పోస్తే, బకెట్ల బెల్టు పైకి మోసేది. అక్కడి నుంచి గొట్టం తిప్పి కావలసిన గదిలోకి వదిలేవారు. వ్యాగన్ నింపడానికి గదిలోని ధాన్యాన్ని మళ్లీ బెల్టుతో పైకెత్తి గొట్టం గుండా జారవిడిచేవారు. దుమ్ముకు నిప్పంటుకుంటుందని ఇంజిన్‌ను వేరే గదిలో పెట్టేవారు. గదులు నిండి వ్యాగన్లు రాకపోతే పని ఆగిపోయేది. వ్యాగన్ల పంపిణీలో అన్యాయం జరిగిందని 1902లో సింటలూటా అనే ఊరి రైతులు రైల్వే ఏజెంటును కోర్టుకెక్కించి గెలిచారు.

ప్రభుత్వానికీ కెనడియన్ పసిఫిక్ రైల్వేకీ మధ్య 1897లో కుదిరిన క్రోస్‌నెస్ట్ ఒప్పందం ధాన్యం రవాణా ఛార్జీని అదుపులో పెట్టింది. దాని వారసత్వంగా మిగిలిన సబ్సిడీ 1995 ఆగస్టు 1న ఆగిపోయింది. దాంతో బ్రాంచి లైన్ల మూత జోరందుకుంది. వందకు పైగా వ్యాగన్ల రైలును ఒకేచోట నింపే కాంక్రీట్ టెర్మినళ్లు వచ్చాయి. చెక్క ఎలివేటర్ కూలితే ఊరికి పన్ను రాబడి పడిపోతుంది. ధాన్యాన్ని దూరపు టెర్మినళ్లకు మోసే బరువు లారీలు కంకర రోడ్లను గుల్ల చేస్తే బాగుచేసే ఖర్చు, చుట్టుపక్కల పల్లెప్రాంతాన్ని పాలించే రూరల్ మునిసిపాలిటీ మీద పడుతుంది. పిల్లలు తగ్గి బడి మూతపడుతుంది. చివరికి ఊరి కౌన్సిల్ రద్దయి ఆ మునిసిపాలిటీలోనే కలిసిపోతుంది.

నైరుతి సస్కాచెవాన్‌లో మాత్రం రైతులే లైను కొని గ్రేట్ వెస్టర్న్ రైల్వేగా నడుపుతున్నారు, తమ ధాన్యాన్ని తామే వ్యాగన్లకు ఎత్తుకునే వీలు నిలుపుకున్నారు. ఖాళీ ఇళ్ల ఫొటోలు వేసినప్పుడు, ఆ లైను పక్కనున్న ఊళ్ల గురించీ రాయించండి.

– ఒక పాఠకుడు