మన పిల్లల కోసం మీరిచ్చిన డబ్బు: 2025-26 జమా ఖర్చులు

ఆదోనిలో మా పేటవాళ్లం కలిసి నడుపుతున్న పిల్లల సాయం కమిటీ లెక్క ఇది, 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా. పది రూపాయలు వేసినవాళ్లకు కూడా అడిగే హక్కుంది.

ముందు జమ. పోయినేడు మిగిలింది 11,460 రూపాయలు. ఇల్లిల్లూ తిరిగి వసూలు చేసింది 38,200. పత్తి మార్కెట్ యార్డు హమాలీ అన్నలు తలా కొంత వేసుకుని 14,500 ఇచ్చారు, అదీ పని సరిగ్గా దొరకని నెలలో, వాళ్లకు చేతులెత్తి దండం. రిటైరైన ఒక సారు 10,000, పెళ్లిలో ఖర్చు తగ్గించుకుని ఒక కుటుంబం 5,000, అంగళ్లలో పెట్టిన హుండీల్లో 9,340. అంతా కలిపి 88,500.

ఇక ఖర్చు. కేసుల్లో ఇరుక్కున్న పిల్లలకు లాయర్ ఫీజు ఎంతయిందని చాలామంది అడిగారు. ఒక్క రూపాయి కూడా కాలేదు. ఇంటి ఆదాయం ఎంతున్నా సరే, పిల్లలకు ఉచితంగా లాయర్‌ను పెట్టాలని 1987 నాటి న్యాయ సేవల చట్టంలోనే ఉంది, 15100కి ఫోన్ చేస్తే దారి చెప్తారు. డబ్బంతా పోయేది ఆ ఉచిత న్యాయం దగ్గరికి చేరుకోవడానికే. వాయిదా ఉంటే కర్నూలు పోవాలి, దాదాపు వంద కిలోమీటర్లు, తెల్లారకముందే బస్సెక్కాలి. ఛార్జీలకూ తిండికీ 17,940 అయింది. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కావడంతో తల్లుల ఛార్జీ తప్పింది, లేకుంటే ఇంకా పెరిగేది. వాయిదాకు వచ్చిన రోజు అమ్మానాయనలకు కూలి పోతుంది కదా, అందుకని రోజుకు 400 చొప్పున 39 రోజులకు 15,600 ఇచ్చాం. దీనిమీద కమిటీలోనే గొడవైంది, కూలి డబ్బులు మనమెందుకివ్వాలని. అమ్మో నాయనో పక్కన లేకుండా ఒక పిల్లోడు పిల్లల కేసులు వినే బోర్డు ముందు ఒక్కడే నిలబడటం మేం చూశాం, అందుకే ఇచ్చాం, ఇకముందూ ఇస్తాం.

సర్టిఫికెట్లు, జిరాక్సులకు 3,420. చిన్న మొత్తమే, కానీ ఏడాదంతా మేం చేసిన పనుల్లో దీనికన్నా విలువైనది లేదు. ఒక అబ్బాయి వయసు కేసు కాగితాల్లో 19 అని పడింది. వాళ్ల అవ్వ ట్రంకుపెట్టె అడుగునుంచి, చీర మడతలో పెట్టిన ప్లాస్టిక్ కవర్ తీసింది, అందులో స్కూలు టీసీ, మడతల దగ్గర చినిగిపోయి, పుట్టిన సంవత్సరం సగం చెరిగిపోయి ఉంది. మా సభ్యుడొకరు రెండుసార్లు ఆ స్కూలుకు పోయి రిజిస్టరు తీయించి కొత్త నకలు రాయించుకొచ్చారు. వాడికి 16 ఏళ్లే. 2015 జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం వయసు తేల్చడానికి మొదట చూసేది స్కూలు కాగితాన్నే, ఏ కాగితమూ లేనప్పుడే చివరికి ఎముకల పరీక్ష. ఛార్జీలతో కలిపి దానికి మాకైంది 260 రూపాయలు. పెద్దవాళ్ల జైలుకు పోవలసినవాడు ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు.

పరీక్ష ఫీజులు, పుస్తకాలు, యూనిఫాంలకు 11 మంది పిల్లలకు 18,650. కోసిగి, కౌతాళం వైపు నుంచి పెద్దోళ్లు గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే పనుల కోసం వలస పోతే, బడి మానకుండా అవ్వాతాతల దగ్గర ఆగిపోయిన పిల్లలకు బియ్యం, బేడలు, నూనె 12,800. ఈ ఖర్చు ఇంకా పెంచాలి. బడి మాని చేలల్లో, లాడ్జీల్లో పనికి చేరిన పిల్లలే తర్వాత ఎవరో చెప్పిన మాట విని కేసుల్లో తేలుతున్నారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు వేసిన కరపత్రాలకు 2,350.

ఒక తప్పు చెప్పాలి. బెయిల్ ఇప్పిస్తానన్న ఒక మధ్యవర్తికి 1,500 ఇచ్చాం, మనిషి మళ్లీ కనిపించలేదు. పిల్లలకు మామూలుగా బెయిల్ ఇవ్వాల్సిందేనని, జామీను లేకపోయినా ఇవ్వొచ్చని చట్టంలో ఉంది, ఆ మాట మాకు ముందే తెలిసుంటే ఆ డబ్బు పోయేది కాదు. అప్పటి నుంచి రశీదు లేకుండా పైసా ఇవ్వడం లేదు.

లెక్కలో పిల్లల పేర్లు, ఊర్లు ఎందుకు లేవని అడగొద్దు. కేసులో ఉన్న పిల్లల వివరాలు బయటపెట్టడం నేరం, నేరం కాకపోయినా మేం పెట్టం.

మొత్తం ఖర్చు 72,260. నిల్వ 16,240, అందులో బ్యాంకులో 14,740, చేతిలో 1,500. జూన్‌లో బడులు తెరిచేసరికి ఆరుగురిని మళ్లీ చేర్పించాలి, నిల్వ దానికే ఉంచాం. రశీదుల పుస్తకం కోశాధికారి ఇంట్లో ఉంది, ఏ ఆదివారం పొద్దునైనా వచ్చి చూడండి.